నక్షత్ర తాబేలు చిప్ప ఎగుడుదిగుడుగా లేస్తోంది, అంచు మెత్తబడింది: అడవిలో వదలాలా, ఎవరికైనా అప్పగించాలా?

కొర్లగుంట (తిరుపతి)

అందరికీ నమస్కారం. మా పిన్ని వాళ్ళింట్లో ఒక నక్షత్ర తాబేలు ఉంది. వాస్తుకు మంచిదని తెలిసినవాళ్ళు ఇస్తే తీసుకున్నారు. హాల్లో గాజు తొట్టిలో ఉంటుంది. అడుగున గులకరాళ్ళు, ఒక మూల నీళ్ళ గిన్నె. ఎండ తగలదు. తిండి అంటే టమోటా, కీరా, పాలకూర, ఒక్కోసారి అన్నం. శుక్రవారం చిప్పకు కొబ్బరినూనె రాసి పసుపు, కుంకుమ పెడతారు.

చిప్ప మీది పలకలు ఒక్కొక్కటీ గోపురంలా పైకి లేస్తున్నాయి. పక్క అంచును బొటనవేలితో నొక్కితే కొంచెం లోపలికి పోతోంది. ఈమధ్య తిండి తగ్గింది, ముక్కు దగ్గర బుడగలు వస్తున్నాయి. శేషాచలం అడవిలో వదిలేద్దామని పిన్ని, కపిలతీర్థం కోనేట్లో వదిలేద్దామని బాబాయి. దీన్ని ఇంట్లో పెట్టుకోవడమే నేరమని ఇంకెవరో భయపెట్టారు. ఏది ముందు చెయ్యాలో చెప్పండన్నా.

చిట్టడవి (మదనపల్లె)

ముందు కోనేరు మాట మర్చిపోండి. అది మెట్ట జీవి, ఈత రాదు. నీళ్ళలో వేస్తే మునిగి చచ్చిపోతుంది. దాని కాళ్ళు చూస్తే మీకే తెలుస్తుంది. వేళ్ళ మధ్య పొర ఉండదు, మొద్దు కాళ్ళు, లావు గోళ్ళు. పుణ్యానికని గుడి కోనేళ్ళలో వదిలిన మెట్ట తాబేళ్ళు ఇలాగే పోతాయి. అడవి సంగతి తర్వాత చూద్దాం, అదీ ఇప్పుడు వద్దు.

అటవీ శాఖకు అప్పగించడమే దీనికి సరైన దారి. ఆ పని అయ్యేలోపు అది బతికి ఉండాలి కదా, కాబట్టి ఈ రోజే చెయ్యాల్సినవి చెప్తాను.

గాజు తొట్టిలోంచి తియ్యండి. గాజు అడ్డమని దానికి అర్థం కాదు. అవతలికి పోవాలని రోజంతా ముక్కుతో నెడుతూనే ఉంటుంది, ముక్కు ఒరుసుకుపోయి పుండు పడుతుంది. గులకరాళ్ళు మింగితే పేగుకు అడ్డం పడతాయి. తొట్టిని ఎండలో పెడదామని మాత్రం అనుకోకండి. గాజు లోపల వేడి కాసేపట్లోనే ప్రాణం తీసేంత పెరుగుతుంది, పైగా ఎండలో ఉండే, ఎముకకు కావలసిన యూవీ-బి కిరణం గాజు దాటి లోపలికి రాదు. అందుకే కిటికీ అద్దం పక్కన పెట్టి ఎండ చూపించామనుకునే వాళ్ళ తాబేళ్ళు కూడా మెత్తబడతాయి.

తాత్కాలికంగా వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు గానీ, ఇటుకలు పేర్చి కట్టిన నాలుగడుగుల చదరం గానీ చాలు. గోడ అడుగున్నర ఎత్తు ఉండాలి, లోపలి నుంచి బయటికి కనిపించకూడదు. అడుగున ఎర్రమన్ను, కొబ్బరి పొట్టు కలిపి మూడు నాలుగు అంగుళాలు పరవండి. సగానికి పగిలిన కుండను బోర్లా పెడితే దాక్కోవడానికి చోటు దొరుకుతుంది. దాక్కునే చోటు లేని తాబేలు తిండి సరిగా తినదు.

రోజూ గోరువెచ్చని నీళ్ళలో 15 నుంచి 20 నిమిషాలు నిలబెట్టండి. పైచిప్ప, కిందిచిప్ప కలిసే గీత దాకా నీళ్ళుంటే చాలు, తల సులువుగా పైకి ఉండాలి. పక్కనే కూర్చోండి, నీళ్ళు చల్లారితే మార్చండి. అందులోనే తాగుతుంది, విసర్జిస్తుంది. మూత్రంతో తెల్లగా, మెత్తగా జారేది మామూలే. అది ఇసుకలా గరగరలాడితే ఒంట్లో నీరు బాగా తగ్గిపోయిందని అర్థం, మూత్రాశయంలో రాయి ఉండే అవకాశమూ ఉంది. తర్వాత పొడి గుడ్డతో ఒత్తి తుడవండి.

నూనె, పసుపు, కుంకుమ ఆపేయండి. నూనెకు దుమ్ము అంటుకుని పలకల సందుల్లో పేరుకుంటుంది, కింద బూజు పట్టినా కనపడదు. చిప్పంటే చచ్చిన పెంకు కాదు, దాని కిందే ఎముక, నరాలు, రక్తం ఉంటాయి. మెత్తటి బ్రష్షుతో గోరువెచ్చని నీళ్ళతో కడగండి. సబ్బు వద్దు.

ఎండ గురించి ఒక మాట. తెల్లవారు ఎండ ఒంటికి హాయిగానే ఉంటుంది గానీ అందులో యూవీ-బి తక్కువ. ఎనిమిదికీ పదికీ మధ్య ఎండ కావాలి, అరగంట. మేడ మీద గచ్చు వద్దు, మట్టి నేల మీదే. సగం చోట నీడ తప్పనిసరి, తడిపిన గోనెసంచి కప్పినా సరిపోతుంది. మేలో మన తిరుపతిలో తొమ్మిదికే నేల కాలిపోతుంది కాబట్టి చెయ్యి పెట్టి చూడండి, మీ అరచేతికి ఓర్చుకోలేని వేడి దాని పొట్టకూ అంతే. పైన కోళ్ళ మెష్ కప్పండి. కాకులు, కుక్కలు, అన్నిటికీ మించి మన కోతులు.

పశువైద్యం – సరీసృపాలు

పై సలహాలన్నీ సరైనవే. వైద్యం వైపు నుంచి కొన్ని.

అంచు మెత్తబడటం, బుడగలు రావడం, తిండి మానడం మూడూ కలిసి వచ్చాయంటే ఇది ఇంటి చిట్కాలతో తేలే కేసు కాదు. ఎగుడుదిగుడు చిప్ప చూసి అందరూ కంగారు పడతారు. నిజానికి అందులో ఎక్కువ భాగం పాత చరిత్ర. గాలిలో తడి చాలక, మాంసకృత్తులు ఎక్కువై వేగంగా పెరిగితే పలకలు పక్కకు పాకకుండా పైకి లేస్తాయి. లేచింది మళ్ళీ అణగదు, ఇకపై పెరిగేది నున్నగా రావచ్చు, అంతే. అడవిలో తిరిగే నక్షత్ర తాబేళ్ళకూ పలకలు కొంచెం ఉబ్బెత్తుగానే ఉంటాయి. పెరిగిన తాబేలుకు అంచు వంగడం అలా కాదు, అది ఇప్పుడు నడుస్తున్న జబ్బు. ఎండ లేక డి విటమిన్ లేదు, డి లేక తిన్న కాల్షియం ఒంటికి పట్టదు, రక్తంలో తగ్గిన కాల్షియాన్ని శరీరం ఎముక నుంచి లాగుతుంది. దవడ మెత్తబడితే నమలలేదు, వెనక కాళ్ళు ఈడుస్తుంది. మీరు పెడుతున్న పాలకూరలో ఉండే ఆక్సలేట్ అనే పదార్థం కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. టమోటా, కీరాలో నీళ్ళే ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ. అన్నం దాని పేగుకు చెందిన తిండే కాదు.

డాక్టర్ దగ్గరికి పోతే ఈ మాటలు గుర్తుపెట్టుకుని చెప్పండి. కుక్కలు, పశువులు మాత్రమే చూసే చోట పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి.

మొదటిది, ఐవర్‌మెక్టిన్. పశువులకు, కుక్కలకు పురుగుల కోసం, గోమార్ల కోసం విరివిగా వాడే మందు ఇది. తాబేళ్ళకు విషం. పక్షవాతంలా కాళ్ళు పడిపోయి ప్రాణం పోతుంది. ఏ మోతాదులోనూ వద్దు. పురుగులు ఉన్నాయో లేదో మలపరీక్ష చేశాకే వేరే మందు.

రెండోది, కళ్ళు ఉబ్బాయి కదా అని వేసే విటమిన్ ఎ ఇంజెక్షన్. ఆకు తినే మెట్ట తాబేలుకు ఎ లోపం అరుదు. మోతాదు మించితే చర్మం ఊడిపోయి పచ్చి మాంసం బయటపడుతుంది. అలాగే డి3 చుక్కలు మీ అంతట మీరు వెయ్యకండి, ఎక్కువైతే కాల్షియం రక్తనాళాల్లో, మూత్రపిండాల్లో పేరుకుంటుంది.

ఇంజెక్షన్లు ముందు కాళ్ళ వైపే వెయ్యడం ఆనవాయితీ. వెనక భాగం నుంచి వచ్చే రక్తం కొంత నేరుగా మూత్రపిండాల గుండా పోతుంది కాబట్టి. ఒంట్లో నీరు తగ్గిన జీవికి మూత్రపిండాల మీద భారం వేసే యాంటీబయాటిక్ ఇస్తే అదే చంపుతుంది, ముందు నీరు ఎక్కించాలి. మోతాదు అంతా బరువును బట్టే. వంటింటి డిజిటల్ త్రాసు మీద గ్రాముల్లో తూచి, రోజూ ఒకే వేళకు, నానబెట్టక ముందు, కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. ఎక్స్‌రే అడగండి. ఆడదైతే కడుపులో గుడ్లు, లేదా మూత్రాశయంలో రాయి, లేదా మింగిన గులకరాళ్ళు, తిండి మానడానికి ఈ మూడింటిలో ఏదైనా కారణం కావచ్చు. తిరుపతిలో పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉండటం మీకు కలిసొచ్చే విషయం. అటవీ శాఖకు చెప్పాక, వాళ్ళ ద్వారానే అక్కడికి తీసుకెళ్ళడం మేలు.

బుడగల సంగతి. ముక్కు కారే తాబేలుకు తడి మన్ను ప్రమాదం అని ఎండబెట్టేస్తారు, అది సగం నిజం. చెడు చేసేది చల్లటి తడి. వెచ్చగా ఉన్నంతసేపు తడి గాలి మంచిదే. పగలు 28 నుంచి 32 డిగ్రీలు, ఒక మూల 34 దాకా, రాత్రి 24కు తగ్గకుండా చూడండి. చలికాలమైతే కోడిపిల్లలకు పెట్టే బల్బు అడుగు పైన ఎత్తులో ఒక మూలకు కట్టి, చిప్ప ఎత్తులో థర్మామీటర్ పెట్టి చూడండి. బల్బు వేడి ఇస్తుంది, యూవీ-బి ఇవ్వదు. ఎండ ఎండే. నోరు తెరిచి, మెడ చాచి ఊపిరి తీస్తుంటే న్యుమోనియా, ఆ రోజే చూపించాలి.

చల్లగా, నీరు తగ్గి ఉన్న తాబేలుకు నోరు తెరిచి తిండి కుక్కకండి. ముందు వెచ్చదనం, తర్వాత నీళ్ళు, ఆ తర్వాతే తిండి. ఈ వరస తప్పితే తిన్నది పేగులో కుళ్ళుతుంది.

కొర్లగుంట (తిరుపతి)

చాలా థాంక్స్ సార్. గాజు తొట్టిలోంచి తీసేశాం. నానబెడితే తెల్లగా, కొంచెం గరుకుగా వచ్చింది. తిండి ఏం పెట్టాలి? టమోటా తప్ప దేన్నీ ముట్టడం లేదు. అలాగే, అప్పగిస్తే కేసు పెడతారని బాబాయి భయం.

చిట్టడవి (మదనపల్లె)

గరుకుగా వచ్చిందంటే రోజూ నానబెట్టడం ఆపకండి.

తిండి ఒక్క రోజులో మార్చలేరు. టమోటాను బాగా సన్నగా తరిగి, దాని రసం అంటేలా ఆకు తరుగులో కలపండి. రోజురోజుకూ టమోటా తగ్గిస్తూ పోతే వారం పది రోజుల్లో ఆకుకు అలవాటు పడుతుంది. మొత్తంలో నాలుగు వంతులకు మూడు వంతులు పైనే గడ్డి, పీచు ఉన్న ఆకులు ఉండాలి. గరిక, మందార ఆకులు, పూలు, గుమ్మడి తీగ ఆకు, ముళ్ళు కాల్చి చెక్కు తీసిన నాగజెముడు మట్ట. నాగజెముడులో కాల్షియం బాగుంటుంది, నీరూ ఉంటుంది, ఇలాంటి కేసుకు దాన్ని మించింది లేదు. మల్బరీ ఆకు మన పలమనేరు, మదనపల్లె, కుప్పం వైపు ఎక్కడైనా దొరుకుతుంది. పట్టుపురుగులకు కోసే ఆకు కాబట్టి పురుగుమందు భయం తక్కువ. కానీ మాంసకృత్తులు ఎక్కువ, వారానికి రెండుసార్లు చాలు. మునగాకు కూడా అంతే. రోడ్డు పక్క గరిక, మందు కొట్టిన గట్ల మీది కలుపు తేకండి.

రోజుకు ఎంత అంటే, దాని చిప్ప ఎంతుందో సుమారుగా అంత కుప్ప. పొద్దున్న ఎండ తగిలి ఒళ్ళు వెచ్చబడ్డాక పెడితే తింటుంది. నేల మీద కాకుండా పలకరాయి మీద పెట్టండి, మన్ను మింగదు, పెరిగే నోటి అంచు, గోళ్ళు కూడా అరుగుతాయి.

కాల్షియానికి మూలికల కొట్లో సముద్రపు నురుగు అని అమ్ముతారు, అది సముద్రజీవి ఎముక. గీకి, చిటికెడు పొడి వారానికి మూడుసార్లు ఆకు మీద చల్లండి. ముక్క ఒకటి లోపల పడేస్తే కావలసినప్పుడు అదే కొరుక్కుంటుంది. బళ్ళో రాసే చాక్‌పీస్ వద్దు, అది జిప్సం. తాంబూలం సున్నం అసలే వద్దు, నోరు కాలిపోతుంది. పండ్లు, పెరుగన్నం, ఇడ్లీ, గుడ్డు, కుక్కల బిస్కెట్లు, ఏ రూపంలోనూ వద్దు.

అటవీ చట్టం

బాబాయి గారి భయం సహజమే. విషయం దాచకుండా చెప్తాను.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఇంతకుముందు నాలుగో షెడ్యూల్‌లో ఉన్న నక్షత్ర తాబేలు ఇప్పుడు మొదటి షెడ్యూల్‌లో ఉంది, అంటే పులితో సమానమైన రక్షణ. శిక్ష మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా. అంతర్జాతీయ వ్యాపారాన్ని అడ్డుకునే సైటిస్ ఒప్పందంలోనూ 2019లో దీన్ని మొదటి అనుబంధంలోకి చేర్చారు. కొన్నారా, ఎవరైనా ఊరికే ఇచ్చారా అన్న తేడా చట్టానికి లేదు. 39వ సెక్షన్ ప్రకారం అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి, అలాంటిది చేతికొస్తే 48 గంటల్లో దగ్గరి పోలీసు స్టేషన్‌కు గానీ అధీకృత అధికారికి గానీ తెలపాలి.

కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ పోర్టల్లో రిజిస్టర్ చేసుకుంటే సరిపోతుందని కొందరు చెప్తారు, నమ్మకండి. అది విదేశీ జాతుల కోసం. ఇంట్లో ఉన్న మన జాతుల వివరాలు ప్రకటించుకోవడానికి 2003లో 180 రోజుల గడువు ఇచ్చారు, అది ఎప్పుడో ముగిసింది. శ్రీకూర్మం గుళ్ళో ఉన్నాయి కదా, ఇంట్లో ఉంటే తప్పేమిటి అనే వాదన కూడా నిలవదు.

కేసు పెట్టరని నేను హామీ ఇవ్వలేను, ఎవరూ ఇవ్వలేరు. కానీ తనిఖీలో దొరకడం వేరు, తామంతట తాము రాసిచ్చి అప్పగించడం వేరు. ఆలస్యం అయ్యేకొద్దీ రెండోది మొదటిదానిలా కనిపిస్తుంది. కావాలంటే ముందు ఒక లాయర్‌తో మాట్లాడండి, కానీ దాన్ని సాకుగా పెట్టుకుని నెలలు గడపకండి.

ఎలా చెయ్యాలంటే, తాబేలుతో బయల్దేరకండి. సంచిలో తాబేలు పెట్టుకుని బస్సులో పోతూ దొరికితే అది రవాణా కిందికి వస్తుంది, మీ ఉద్దేశం ఎవరికీ కనపడదు. ముందు అటవీ రేంజ్ కార్యాలయానికి పోయి మాట్లాడి, తెల్లకాగితం మీద అర్జీ ఇవ్వండి. జాతి, సుమారు పొడవు, బరువు, ఎలా వచ్చింది, ఇప్పటి జబ్బు లక్షణాలు, ఫోటోలు, స్వచ్ఛందంగా అప్పగిస్తున్నామన్న వాక్యం ఉండాలి. రెండు ప్రతులు తీసుకుని ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఒక నకలు డివిజనల్ అటవీ అధికారికి పంపండి. వాళ్ళు వచ్చి తీసుకుంటారు, లేదా రమ్మని రాతపూర్వకంగా చెప్తారు. తీసుకున్నప్పుడు పంచనామా నకలు అడగండి. నేరుగా జూ గేటు దగ్గరికి తీసుకెళ్ళి ఇచ్చేస్తామంటే కుదరదు, జూ కూడా అటవీ శాఖ ఆదేశం మీదే జంతువును తీసుకోవాలి.

ఇచ్చింది ఎవరో తెలిస్తే చెప్పండి. ఒక ఇంటికి ఇచ్చినవాడు ఇంకో పది ఇళ్ళకు ఇస్తాడు. ఎవరైనా పెంచుకుంటారా అని వాట్సాప్ గ్రూపుల్లో ఫోటో పెట్టకండి, అది చేతులు మారడానికి దారి.

బీడుభూములు (పలమనేరు)

అడవిలో వదలడం గురించి పిన్ని గారికి అర్థమయ్యేలా చెప్పాలి, ఎందుకంటే ఆమె మనసు మంచిదే.

నక్షత్ర తాబేలు దట్టమైన అడవి జీవి కాదు. ముళ్ళపొదలు, గడ్డి బీడు, చేల గట్లు దాని ఊరు. అలిపిరి దగ్గరో, ఘాట్ రోడ్డు పక్కనో వదిలితే మొదటి గండం బండ్లు, రెండోది మళ్ళీ ఎవరో ఎత్తుకుపోవడం. ఎక్కడ వదిలినా కొత్త చోట నిలవదు. నీడ ఎక్కడ, మేత ఎక్కడ తెలియక దిక్కు లేకుండా నడుస్తూ పోతుంది. మెత్తబడిన చిప్పతో అలా నడిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అంతకన్నా పెద్ద సమస్య ఆ ముక్కు బుడగ. మైకోప్లాస్మా, హెర్పిస్ లాంటి రోగక్రిములు తాబేలు ఒంట్లో లక్షణాలు లేకుండా చాలాకాలం దాగి ఉంటాయి. ఇంట్లో, వ్యాపారి గోనెలో ఎన్ని తాబేళ్ళతో కలిసి ఉందో ఎవరికి తెలుసు. ఒక్కదాన్ని కాపాడామనుకుని చుట్టుపక్కల అడవి తాబేళ్ళన్నిటికీ అంటించినట్లవుతుంది. ఇంకొకటి, గుజరాత్, రాజస్థాన్ వైపు ఒక సంతతి, దక్షిణ భారతంలో ఒకటి, శ్రీలంకలో ఒకటి ఉన్నాయి. వ్యాపారంలో అన్నీ కలిసిపోతాయి. మీ పిన్ని గారి తాబేలు ఎక్కడిదో కళ్ళతో చూసి చెప్పలేం.

సరిగ్గా వదలడమంటే, విడిగా ఉంచడం (30 రోజులు కనీసం, తాబేళ్ళకు అంతకన్నా ఎక్కువే మంచిది), పరీక్షలు, ఆపైన వదిలే చోటే కంచె కట్టి అందులో కొన్నాళ్ళు ఉంచడం, వానలు మొదలై గడ్డి లేచాక కంచె తీయడం, తర్వాత రేడియో ట్యాగులతో వెంబడించడం. ఇది ఒక కుటుంబం చేసే పని కాదు. ఎముక వంకర తిరిగిన తాబేలును బహుశా వదలనే వదలరు, జీవితాంతం రక్షణ కేంద్రంలోనే ఉంచుతారు. అదీ బాధే. పట్టుకున్న తాబేళ్ళు ఒక్కసారిగా వందల్లో వచ్చిపడితే ఆ కేంద్రాల్లో చోటు ఇరుకవుతుంది, మగవి ఒకదాన్నొకటి ఢీకొట్టుకుంటాయి, ఒక్కచోటే మేత వేస్తే బలహీనమైనవి ఆకలితో ఉంటాయి. కాబట్టి అప్పగించాక కూడా ఎక్కడ ఉంచారో, ఎలా ఉందో అడుగుతూ ఉండండి. అడగడానికి మీకు పూర్తి హక్కుంది.

కొర్లగుంట (తిరుపతి)

అర్జీ ఇచ్చాం. తాబేలును పెట్టెలో సిద్ధంగా ఉంచమన్నారు. పెట్టె ఎలా ఉండాలి? ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు, తొట్టిని ఏం చెయ్యాలి?

పశువైద్యం – సరీసృపాలు

తాబేలుకు అన్ని వైపులా నాలుగు వేళ్ళ సందు ఉండే గట్టి అట్టపెట్టె తీసుకోండి. మరీ పెద్దదైతే లోపల దొర్లుతుంది. పక్కలకు, దాని తల ఎత్తులో, పెన్సిల్ పట్టేంత రంధ్రాలు ఓ డజను. తాబేలు లోపల లేనప్పుడే పొడవాలి. అడుగున మడిచిన తువ్వాలు, నీళ్ళ గిన్నె వద్దు. బయల్దేరే ముందు ఒకసారి నానబెట్టి, బాగా తుడిచి పెట్టండి. ఒక పెట్టెలో ఒక్కటే. వెల్లకిలా పడితే ఊపిరితిత్తుల మీద పేగుల బరువు పడుతుంది కాబట్టి పెట్టె ఎప్పుడూ అడ్డంగా వాలకూడదు, పైభాగం ఏదో మూత మీద పెద్ద అక్షరాలతో రాయండి. బండిలో ఏసీ గాలి నేరుగా తగలనివ్వకండి, డిక్కీలో అసలే పెట్టకండి. మీరు రాసిన బరువుల కాగితం, పెట్టిన తిండి వివరాలు పెట్టెకు అంటించండి, తీసుకునే డాక్టర్‌కు అవి చాలా పనికొస్తాయి.

తాబేళ్ళ మలంలో సాల్మొనెల్లా అనే విరేచనాల క్రిమి ఉండటం మామూలే. తొట్టిని, నానబెట్టిన టబ్బును వంటింటి సింకులో కడగకండి. బయట సబ్బుతో రుద్ది, బ్లీచింగ్ నీళ్ళు పోసి పావుగంట ఉంచి, కడిగి ఎండబెట్టండి. ఆ టబ్బును మళ్ళీ బట్టలకు, కూరగాయలకు వాడొద్దు. మన్ను గొయ్యి తీసి పూడ్చండి. పట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ఐదేళ్ళలోపు పిల్లలను అది వెళ్ళేదాకా ముట్టుకోనివ్వకండి. పిల్లల్లో ఎవరికైనా జ్వరంతో విరేచనాలు పట్టుకుంటే ఇంట్లో తాబేలు ఉండేదని డాక్టర్‌కు తప్పక చెప్పండి.